ఆగస్టు నుంచి దీపావళి దాకా మా దగ్గర క్యాసెట్లను ఎంపీ3లుగా మార్పించుకున్న వారికి

ఆ మూడు నెలల్లో మీకిచ్చిన ఎంపీ3 ఫైళ్లలో గొంతు అసలుకంటే బరువుగా, సాగదీసినట్టు వినిపిస్తుంది. మీ టేపుల తప్పు కాదు. నా కంప్యూటర్లో జరిగిన పొరపాటు.

దాన్ని పట్టుకున్నది నేను కాదు. గుంటూరు నుంచి ఒకావిడ ఫోను చేసి, ‘‘మా అమ్మ గొంతు ఇలా ఉండదండీ’’ అన్నారు. మంగళహారతుల క్యాసెట్ అది. ‘‘ముప్పై ఏళ్ల టేపు కదమ్మా, సాగి ఉంటుంది’’ అని పది నిమిషాలు పాఠం చెప్పాను. మర్నాడు ఆవిడ హార్మోనియం ముందు పెట్టుకుని మళ్లీ చేశారు. వాళ్లమ్మగారు పాడేది ఐదు శ్రుతిలో. నా ఫైల్లో అది నాలుగుకీ నాలుగున్నరకీ మధ్య, ఏ మెట్టుకూ అందకుండా ఉంది.

నోటుపుస్తకం తీస్తే, ఆ వైపు సరిగ్గా 30 నిమిషాలని నా చేతిరాతే ఉంది. ఫైలేమో 32 నిమిషాల 39 సెకన్లు.

నేను శబ్దాన్ని సెకనుకు 48,000 నమూనాల (శాంపిళ్ల) లెక్కన రికార్డు చేస్తాను. ఆగస్టులో తనంతట తానే కొత్త వెర్షన్‌కు మారిన కన్వర్టర్ (రికార్డింగును ఎంపీ3గా మార్చే సాఫ్ట్‌వేర్), ఆ నమూనాలను ఉన్నవున్నట్టే ఉంచి ఫైలు మీద మాత్రం 44,100 అని రాసేస్తోంది. ప్లేయరు ఆ రాతను నమ్మి నెమ్మదిగా పాడుతుంది.

డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ అది. కంపెనీకి రాస్తే, తీసేసి మళ్లీ వేసుకోమన్నారు. వేశాను. సౌండ్ డ్రైవర్ మార్చమన్నారు. మార్చాను. మూడోసారి, మీ టేప్‌రికార్డర్ పాతదేమో అన్నారు. (నేను ఆవిడకు చెప్పిన జవాబే నాకు తిరిగొచ్చింది.) ఒళ్లు మండి, టేపుతో పనే లేకుండా కంప్యూటర్లోనే 1,000 హెర్ట్జ్ మోత తయారుచేసి అందులో వేశాను. 919 అయి బయటికొచ్చింది. ఆ అంకె పంపిన తరువాత ఉలుకూ పలుకూ లేదు. రేపు వాళ్లు సరిచేసినా సరే, దాన్ని మా గడప తొక్కనివ్వను. ఇప్పుడు ఆ పనికి ఉచితంగా దొరికే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. నల్లటి తెర మీద ఆదేశాలు టైపు చేసుకోవాలి, అంతే. అదే మోత ఇస్తే 1,000 గానే తిరిగిచ్చింది.

మొత్తం 41 క్యాసెట్లు. 34 క్యాసెట్ల వేవ్ ఫైళ్లు, అంటే కుదించని అసలు రికార్డింగులు, ఉన్నాయి, వాటికి ఆదివారంలోగా కొత్త ఎంపీ3లు పంపుతాను. నిద్ర పట్టనివ్వనివి మిగిలిన ఏడు. వేవ్ గంటకు 700 ఎంబీ దాకా తింటుంది, డిస్కు నిండిందని వాటిని చెరిపేశాను. ఉన్న ఎంపీ3నే సరిదిద్ది మళ్లీ ఎంపీ3 చేస్తే నాణ్యత ఇంకొంత పోతుంది. ‘‘ఎవరికి తెలుస్తుంది నాన్నా’’ అన్నాడు మా అబ్బాయి. గుంటూరు ఆవిడకు తెలిసింది కదా! పోనీ టేపులు మళ్లీ తెప్పిద్దామంటే, వాటిలో రెండు తిరిగినంతసేపూ టేప్‌రికార్డర్ హెడ్డుకు గోధుమరంగు పొడి రాల్చినవి. ఇంకోసారి తిప్పితే ఏమి మిగులుతుందో. నాలుగు రాత్రులు ఇదే లెక్క వేసుకుని, చివరికి ఐదు తెప్పించి మళ్లీ రికార్డు చేయాలని నిర్ణయించుకున్నాను. రానుపోను కొరియర్ ఖర్చు నాదే. ఆ రెండు టేపులను మాత్రం కదపను. ఉన్న ఫైలునే సరిచేసి, మళ్లీ కుదించకుండా వేవ్‌గా ఇస్తాను. ఆ ఇద్దరికీ డబ్బు వాపసు.

గుంటూరు ఫైలు నిన్న రాత్రే పంపాను. పక్కింటివారి హార్మోనియం అడిగి తెచ్చుకుని, ఐదు మెట్టు నొక్కిపట్టి మొత్తం విన్నాను. ఆవిడ నుంచి ఇంకా జవాబు రాలేదు.