అశోకుడి మ్యాప్ దసరాకి రాదు, ఎందుకో వినండి

అన్నలకూ అక్కలకూ, దసరాకి ఇస్తానన్న అశోకుడి సామ్రాజ్యం మ్యాప్‌లు దసరాకి రావు. 14 మంది అడ్వాన్స్ ఇచ్చినారు, ఒక్కొక్కరికి ఫోన్ చేసి చెప్పే మొహం లేక ఇక్కడ రాస్తున్నా.

దెబ్బ కొట్టింది పేపర్. ఆరేళ్లుగా నాకు చేతికాగితం పంపే ఆయన ఈసారి జిగురు పట్టించని లాట్ పంపినాడు. చూస్తే అదే మందం, అదే వాసన. కానీ జిగురు లేకపోతే ఇంకు పైన నిలబడదు, నూలుపోగు పట్టుకుని పాకుతుంది. పాటలీపుత్రం, తక్షశిల, ఉజ్జయిని, తోసలి లాంటి ఊర్ల పేర్లు లావు నిబ్‌తో రాస్తా కాబట్టి తెలియలేదు (అశోకుడి దక్షిణాది రాజధాని సువర్ణగిరి ఎక్కడో ఇంకా తేలలేదు, నేను మన జొన్నగిరి దగ్గరే పెట్టినా, కనకగిరి అనేవాళ్లతో తర్వాత కొట్లాడతా). 9 షీట్లకి లోపలి పని అయిపోయినాక బార్డర్ మొదలుపెడితే బయటపడింది. మన ఎర్రగుడి బండ మీద అశోకుడి చిన్న శాసనంలో కొన్ని లైన్లు ఎడమ నుంచి కుడికి పోయి, తర్వాతిది కుడి నుంచి ఎడమకి, మడక తిప్పినట్టు తిరుగుతాయి కదా, నా బార్డర్‌లో బ్రాహ్మీ (అశోకుడి కాలం లిపి) అక్షరాలు కూడా అట్లే తిప్పుతా, మీలో సగం మంది దాన్ని చూసే కొన్నారు. బ్రాహ్మీ 'మ' అంటే కింద గుండ్రం, పైన రెండు కొమ్ములు. సన్న నిబ్‌తో రాసి పడుకుంటే తెల్లారేసరికి దానికి కాళ్లొచ్చినాయి, పురుగు మాదిరి.

ఫోన్ చేస్తే ఆయన ఏమన్నాడో తెలుసా, "నీ ఇంకు మారిందేమో చూసుకో" అన్నాడు. ఆరేళ్లుగా ఒకటే ఇంకు సామీ!

మ్యాప్ గోడకి తగిలిస్తే ఆ ఇంకు పాకుడు రెండడుగుల దూరం నుంచి ఎవరికీ కనపడదు, అది నిజం. మా ఇంట్లోవాళ్లు రేటు తగ్గించి ఇచ్చేయమన్నారు. మూడు రాత్రులు నిద్ర లేదు, ఒకటి ప్యాక్ కూడా చేసి, టేపు వేసి, మళ్లీ నేనే బ్లేడుతో కోసినా. మావాడేమో షాపులో ఉన్న పాతదాన్ని స్కాన్ చేసి ప్రింట్ కొట్టు నాన్నా అన్నాడు, ఒళ్లు మండింది, చేత్తో గీసింది అని బోర్డు పెట్టుకుని ప్రింట్ ఇస్తానా?

అన్నీ మళ్లీ గీస్తా. పేపర్ వేరేచోట తెప్పించినా, ప్రతి షీటు మూలకీ ఒక ఇంకు చుక్క వేసి రాత్రంతా పెట్టి చూసినాకే చేయి పెడుతున్నా. కార్తీక పౌర్ణమి లోపల అందరికీ అందుతాయి, రేటు అదే. డబ్బు వెనక్కి కావాలంటే అడిగిన రోజే ఇచ్చేస్తా, కాకపోతే కొంచెం బాధగా ఉంటుంది, అంతే.

ఆ పాడైన 9 మాత్రం సగం రేటుకి ఇవ్వమని ఎవరూ అడగొద్దు. ఇవ్వను.