ఒకే కాన్చెర్టో, ముగ్గురి క్లారినెట్లు

సంపాదకులకు నమస్కారం.

క్లారినెట్ అనగానే మన విశాఖలో చాలామందికి పెళ్లి ఊరేగింపుల బ్యాండుమేళం గుర్తుకు వస్తుంది. ఆ వాద్యానికి మొజార్ట్ 1791లో, కన్నుమూయడానికి సుమారు రెండు నెలల ముందు, రాసిన ‘ఏ మేజర్’ కాన్చెర్టోను (ఒక వాద్యం ప్రధానంగా, ఆర్కెస్ట్రా తోడుగా సాగే రచనను) ముగ్గురు విద్వాంసుల రికార్డింగుల్లో వరుసగా విన్నాక ఈ లేఖ రాస్తున్నాను.

జాక్ బ్రైమర్ నాదం నిండుగా, తొణకకుండా సాగుతుంది. సబీనే మేయర్ బాసెట్ క్లారినెట్ వాయిస్తారు. మొజార్ట్ తన మిత్రుడు, క్లారినెట్ విద్వాంసుడు ఆంటోన్ స్టాడ్లర్ కోసం ఈ రచన చేసింది మామూలు క్లారినెట్‌కు అందని మంద్రస్వరాలు పలికే ఆ వాద్యానికే. అయితే స్వహస్తప్రతి దొరకకుండా పోయింది, 1801 నాటి ముద్రణలో ఆ కింది స్వరాలను మామూలు క్లారినెట్‌కు అనువుగా మార్చి అచ్చువేశారు. అందుకే మామూలు క్లారినెట్‌లో మధ్యలోనే పై స్థాయికి మళ్లిపోయే స్వరాల వరుస, ఆమె వాయించినప్పుడు మెట్టుమెట్టుగా అడుగుదాకా దిగుతుంది. అడాజియోలో, అంటే నెమ్మదిగా సాగే మధ్య భాగంలో, మొదటి రాగం తిరిగి వచ్చే చోట మార్టిన్ ఫ్రోస్ట్ ధ్వనిని ఊపిరంత సన్నగా తగ్గిస్తారు. ఆ ఘట్టంలో మాత్రం నా మొగ్గు ఆయన వైపే.

ఒక త్యాగరాజ కృతిని నలుగురు పాడితే సంగతుల తేడాలను గంటలకొద్దీ చర్చించే శ్రోతలు మనకున్నారు కనుక, ఇలాంటి తులనాత్మక సమీక్షలకు మీ ఆదివారం సంచికలో కొంత చోటు కల్పించవలసిందిగా కోరుతున్నాను.

ఒక సంగీతాభిమాని,
విశాఖపట్నం