అగ్నివీర్ ఫారం నింపే ముందు ఇంట్లో వేసుకోవాల్సిన లెక్క

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఇంటర్ పరీక్షలు ముగిశాక మన ఊళ్లలో చాలా ఇళ్లలో ఒకటే చర్చ. అబ్బాయిని అగ్నివీర్‌కు పంపాలా, కానిస్టేబుల్‌కు చదివించాలా, ఐటీఐలో వేయాలా? తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం మొదలుకొని గిద్దలూరు, శ్రీకాకుళం ప్రాంతాల దాకా తరతరాలుగా సైన్యంలోకి పిల్లల్ని పంపుతున్న ఊళ్లలో పెద్దలు తమ అనుభవంతో సలహా చెబుతున్నారు. వాళ్లకు తెలిసిన సైన్యమంటే పదిహేనేళ్లకు పైగా సర్వీసు, ఆ తర్వాత జీవితాంతం పింఛను, క్యాంటీన్ కార్డు, వైద్యం. అగ్నివీరులను తీసుకోవడానికి 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ పథకంలో నాలుగేళ్లు నిండి బయటికి వచ్చేవారికి ఇవేవీ ఉండవు. గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడి హోదా కూడా లేదు. ప్రతి బ్యాచ్‌లో 25 శాతం వరకే రెగ్యులర్‌గా తీసుకుంటారు. కాబట్టి పాత లెక్కతో కొత్త నిర్ణయం తీసుకోవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం.

సైన్యంలో చేరవద్దని నేను అనడం లేదు. దేశం కోసం వెళ్లాలనుకునే పిల్లవాడిని ఆపే హక్కు ఎవరికీ లేదు. కానీ అది నాలుగేళ్ల ఒప్పందమన్న సంగతి వాడికీ, ఇంట్లోవాళ్లకీ ముందే తెలియాలి.

ముందు డబ్బు సంగతి. మొదటి ఏడాది నెలకు 30,000 అని రాసి ఉంటుంది. చేతికొచ్చేది 21,000, మిగతా 9,000 నాలుగేళ్లు నిండాక ఒకేసారి ఇచ్చే సేవా నిధిలోకి పోతుంది. రెండో ఏడాది చేతికి 23,100, మూడో ఏడాది 25,550, నాలుగో ఏడాది 28,000. నాలుగేళ్లలో చేతికొచ్చే మొత్తం 11 లక్షల 72 వేలకు కాస్త తక్కువ. జీతంలోంచి నిధికి కోసింది 5.02 లక్షలు. ప్రభుత్వం అంతే కలుపుతుంది. వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలు వస్తాయని, దానికి ఆదాయ పన్ను ఉండదని పథకం ప్రకటించినప్పుడు చెప్పారు. ఊళ్లో మాత్రం 'ప్రభుత్వం పన్నెండు లక్షలు ఇస్తుంది' అనుకుంటున్నారు. అందులో దాదాపు సగం కుర్రాడి సొంత జీతమే. రెగ్యులర్‌గా ఎంపికైనవారికి ప్రభుత్వ వాటా రాదు, తాను దాచుకున్నదీ దాని వడ్డీ మాత్రమే వస్తాయి. మధ్యలో ఇష్టం లేదని వచ్చేయడానికి మామూలుగా ఒప్పుకోరు. ప్రత్యేక కారణంతో అనుమతించినా ప్రభుత్వ వాటా దక్కదు. సర్వీసులో ఉన్నంతకాలం ప్రీమియం కట్టనక్కర్లేకుండా 48 లక్షల బీమా ఉంటుంది, అది నిజంగా పెద్ద భరోసా.

ఆ 11.71 లక్షలను ఏడు శాతం వడ్డీకి బ్యాంకులో వేసినా నెలకు వచ్చేది ఏడు వేల లోపే. అంతకుముందు నెల దాకా 28,000 అందుకున్న చెయ్యి అది. ఆ సొమ్ము అక్క పెళ్లికో, పాత అప్పులకో పోతే ఇరవై రెండేళ్ల వాడికి మిగిలేది డిశ్చార్జి కాగితం, ఒక నైపుణ్య పత్రం. ఆ డబ్బు దేనికో ఇంట్లో చేరకముందే మాట్లాడుకోవాలి.

ఇక చాలామంది పట్టించుకోని లెక్క, వయసు. పథకం ప్రకటనలో చేరే వయసు పదిహేడున్నర నుంచి 21. పద్దెనిమిదికి వెళ్లినవాడు 22కి బయటికొస్తాడు. కేంద్ర బలగాల్లో కానిస్టేబుల్ కొలువుకు, అంటే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే ఎస్‌ఎస్‌సీ జీడీకి, సాధారణ వయసు 18 నుంచి 23. కాబట్టి వాడికి సడలింపు లేకపోయినా దారి తెరిచే ఉంటుంది. అదే 21కి వెళ్లినవాడు 25కి వస్తాడు. అగ్నివీరులకు ఇచ్చే మూడేళ్ల సడలింపు కలిపితే 26. తొలి బ్యాచ్‌కైతే అయిదేళ్లు. ఒక నోటిఫికేషన్ ఆలస్యమైతే చాలు, వాడి గడువు దాటిపోతుంది. అందుకే నా అభిప్రాయం ఇది: ఇంటర్ పూర్తికాగానే వెళ్లేవాడికి అగ్నివీర్ మంచి అవకాశమే. ఇరవై దాటినవాడు మాత్రం ఎస్‌ఎస్‌సీ జీడీ, రాష్ట్ర పోలీసు పరీక్షలకే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి. ఇంటర్ మధ్యలో మానేసి పదో తరగతి మార్కులతో పరుగెత్తడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. మన కానిస్టేబుల్ కొలువులకు ఇంటర్ కావాలి. సర్వీసులో ఉండగా కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్ ద్వారా పన్నెండో తరగతికి సమానమైన సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ఉంది, వాడుకోవచ్చు. ఇంటర్ చేతిలో పెట్టుకొని వెళ్లడం మాత్రం అంతకన్నా మేలు.

ఎస్‌ఎస్‌సీ జీడీకి పదో తరగతి చాలు. ఏడో వేతన సంఘం ప్రకారం మూల వేతనం 21,700తో మొదలవుతుంది, దానికి కరువు భత్యం (డీఏ) తోడవుతుంది. ఉద్యోగం శాశ్వతం. 2024 నుంచి పరీక్ష తెలుగులోనూ రాయవచ్చు. అయినా మన పిల్లలు అగ్నివీర్‌కు పెట్టి దీనికి పెట్టడం లేదు. రెండూ పెట్టాలి. తయారీలో తేడా ఉందని మాత్రం గుర్తుంచుకోవాలి. ఆర్మీ నియామక ర్యాలీలో 1.6 కిలోమీటర్లను అయిదున్నర నిమిషాల్లో పూర్తిచేస్తేనే 60 మార్కులు. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, రౌండుకు 82 సెకన్లు. మొదటి రౌండు ఊపుమీద 70 సెకన్లలో కొట్టినవాడు మూడో రౌండులో నడకకు దిగుతాడు, అక్కడే పోతున్నారు. బీమ్ మీద పది పుల్‌అప్స్ తీస్తే 40 మార్కులు, ఒక్కటి తగ్గినా ఏడు మార్కులు పోతాయి. ఎస్‌ఎస్‌సీ జీడీలో మగపిల్లలు 5 కిలోమీటర్లను 24 నిమిషాల్లో పరుగెత్తాలి, అంటే పన్నెండున్నర రౌండ్లు, రౌండుకు 115 సెకన్లు. వేగం తక్కువ, దమ్ము ఎక్కువ కావాలి. ర్యాలీ పరుగు వచ్చినవాడికి ఇదీ వచ్చేస్తుందనుకుంటే పొరపాటు, విడిగా సాధన చేయాలి. తెల్లవారుజామున తారురోడ్డు మీద అరిగిన బూట్లతో రోజూ పరుగెత్తి పిక్క ఎముక నొప్పి తెచ్చుకున్న పిల్లలు ప్రతి ఊళ్లో ఉన్నారు. మట్టి నేల మీద పరుగెత్తాలి, వారానికి ఒకటి రెండు రోజులు విశ్రాంతి ఇవ్వాలి.

రాత పరీక్ష, పరుగు గట్టెక్కి మెడికల్‌లో వెనక్కి వచ్చేవాళ్ల బాధ చూడలేం. చాలావరకు ఇంట్లోనే ముందుగా తెలుసుకోగలిగినవే. తడికాలితో పొడి గచ్చు మీద అడుగు వేస్తే మధ్యలో ఒంపు లేకుండా పాదం మొత్తం ముద్ర పడిందంటే చదునుపాదం. మోకాళ్లు ఆనించి నిలబడితే మడమల మధ్య ఎడం ఎక్కువగా ఉంటే అదొక సమస్య. చెవిలో గుబిలి ఉంటే ఈఎన్‌టీ డాక్టర్ చేత తీయించుకోవాలి, అగ్గిపుల్లతో పొడవకూడదు. చూపు, రంగుల గుర్తింపు, పళ్లు, హైడ్రోసిల్, పిక్కల్లో ఉబ్బిన నరాలు, ఇవన్నీ ఏడాది ముందే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుంటే కొన్నిటికి చికిత్స ఉంటుంది. చికిత్స లేనిదైతే ఆ ఏడాదిని ఇంకో దారికి మళ్లించుకోవచ్చు.

కాగితాల విషయంలో ఒక్క మాట. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ కోచింగ్ అకాడమీలోనూ వదలకండి. ఎవరి మాటలకో రెచ్చిపోయి గొడవల్లో కేసు పెట్టించుకుంటే సైన్యమే కాదు, పోలీసు కొలువూ పోతుంది. అగ్నిపథ్‌కు వ్యతిరేకంగా 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో జరిగిన గొడవల్లో ఒక ప్రాణం పోయింది, ఎందరో పిల్లలు కేసుల పాలయ్యారు.

యూనిఫాం మీద మనసు లేనివాడిని పరుగెత్తించకండి. ఎన్‌సీవీటీ (జాతీయ వృత్తి శిక్షణ మండలి) గుర్తింపు ఉన్న ట్రేడులో ఐటీఐ చేసినవాడు లాలాగూడ, రాయనపాడు వంటి రైల్వే వర్క్‌షాపుల్లో అప్రెంటిస్‌కు పెట్టవచ్చు. రాత పరీక్ష ఉండదు, పదో తరగతి, ఐటీఐ మార్కులే చూస్తారు. రైల్వేలో అప్రెంటిస్ పూర్తిచేసినవారికి లెవల్-1 (అన్నిటికంటే కింది స్థాయి) ఖాళీల్లో 20 శాతం కేటాయింపు ఉంది. ఆ కొలువుకు ముప్పై దాటినా వయసు ఉంటుంది.

చివరగా ప్రభుత్వాలను అడగాల్సింది. ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టుల నోటిఫికేషన్ 2022 నవంబర్‌లో వచ్చింది. ప్రిలిమ్స్ 2023 జనవరిలో, తుది రాత పరీక్ష 2025 జూన్‌లో, ఫలితాలు ఆగస్టులో. వాయిదాలు, కోర్టు కేసుల మధ్య రెండున్నరేళ్లకు పైగా పోయాయి. పిల్లలు సైన్యమా, పోలీసా అని తూచుకోవాలంటే రెండో పళ్లెంలో తేదీ ఉండాలి కదా! పోలీసు నియామకాలకు ఏటా కచ్చితమైన క్యాలెండర్ ప్రకటించాలి.

2023 జనవరిలో శిక్షణ మొదలుపెట్టిన బ్యాచ్‌కు 2026 ఆఖరుకు, 2027 మొదటికి నాలుగేళ్లు నిండుతాయి. ఉత్తరప్రదేశ్ 2025లో తన పోలీసు కొలువుల్లో మాజీ అగ్నివీరులకు 20 శాతం ఇస్తామని నిర్ణయించింది. మన రెండు రాష్ట్రాల్లోనూ పోలీసు, అటవీ, అగ్నిమాపక, జైళ్ల శాఖల ప్రతి నోటిఫికేషన్‌లో వాళ్లకు ఎంత శాతమో, ఎన్నేళ్ల సడలింపో అంకెలతో రాయాలి. సభలో ఇచ్చిన హామీని దరఖాస్తు ఫారం లెక్కలోకి తీసుకోదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గిద్దలూరు