తూలకుండా కాళ్లకి పని చెప్పడం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను, ఏమీ అనుకోకు. డంబెల్స్ పట్టుకుని లంజెస్ (ఒక కాలు ముందుకేసి మోకాళ్లు వంచి దిగడం) వేస్తుంటే తూలుతున్నావు, పక్కన ఇంటర్ కుర్రాళ్లు చూస్తున్నారు, సరే. దానికే కాళ్ల వ్యాయామం మానేస్తానంటావేంట్రా? నువ్వు మధ్యలో ఆపేస్తున్నది తొడ అలిసిపోయి కాదు, బ్యాలెన్స్ తప్పి.

మీ జిమ్‌లో స్మిత్ మెషీన్ ఉండే ఉంటుంది. రెండు పట్టాల మధ్య బార్ పైకీ కిందికీ జారుతుంటుందే, అదే. మా దగ్గరైతే సగం మంది దానిమీద టవల్స్ ఆరేస్తారు. అమెరికాలో 1950ల్లో జాక్ లాలేన్ అనే వ్యాయామ గురువు ఆలోచనతో పుట్టి, రూడీ స్మిత్ పేరుమీద స్థిరపడింది. అది మోసం అనేవాళ్లున్నారు. గుంజీల్లా రెండు కాళ్ల మీదా దిగి లేచే స్క్వాట్‌కైతే నాకూ అదంటే పెద్ద ఇష్టం లేదు గానీ, ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి చేసే స్ప్లిట్ స్క్వాట్‌కి అంత వీలైనది ఇంకోటి లేదు. బార్ పక్కకి పోదు కాబట్టి కష్టమంతా కాలిదే.

తిరకాసంతా పాదాల దగ్గరే. బార్ తన దారి తప్పదు. పాదం తప్పుచోట పెట్టావో, ప్రతి రెప్పూ, అంటే దిగి లేచిన ప్రతిసారీ, తప్పుగానే పోతుంది. అందుకని నిలబడి అంచనా వెయ్యకు. ఖాళీ బార్ మెడ మీద కాకుండా కింద భుజాల కండ మీద పెట్టుకుని, వెనక మోకాలు నేలకి ఆనేదాకా దిగు. రెండు మోకాళ్లూ ఇంచుమించు 90 డిగ్రీల్లో ఉండేలా పాదాలు సర్దుకో. ఇక వాటిని కదపకుండా పైకి లే. అదే నీ చోటు. రెండు పాదాలూ ఒకే గీత మీద పెడితే పొలం గట్టు మీద నడిచినట్టుంటుంది, నడుము వెడల్పున ఎడం ఉంచు. వెనక మడమ లేచే ఉండాలి, ఆ కాలు ఊరికే ఊతానికి. బరువంతా ముందు కాలి మడమా, పాదం మధ్యా మోయాలి.

ముందు పాదం ఇంకొంచెం ముందుకి జరిపి, నడుము వంగకుండా ఒళ్లు కాస్త ముందుకి వాలిస్తే పిరుదులకి పట్టుకుంటుంది. దగ్గరికి లాక్కుంటే తొడ ముందుభాగం మండిపోతుంది. నీకు సైకిల్ తొక్కి తొడలు ఎలాగూ గట్టివే, మొదటిదే చెయ్యి. మోకాల్లో సూదిలా పొడిస్తే మాత్రం ఆపెయ్.

పట్టాలు లేకుండా విడిగా ఎత్తే మామూలు ఒలింపిక్ బార్ 20 కిలోలుంటుంది, స్మిత్ బార్ చాలాచోట్ల అంతకంటే తేలిక. అందుకని రెండింటి మీదా ఎత్తిన అంకెలు పోల్చుకుని మురిసిపోకు. కింద బార్‌ని ఆపే సేఫ్టీ స్టాపర్లు నువ్వు దిగే చోటుకి కాస్త కిందుగా పెట్టు. మణికట్టు తిప్పితే బార్ కొక్కెం మెషీన్‌కి పడుతుందిలే అనుకుంటాం గానీ, చివరి రెప్పులో ఆ ఓపిక కూడా ఉండదు.

మొదట బలహీనమైన కాలితో మొదలుపెట్టు. అది ఎన్ని రెప్పులు చేస్తే రెండోదీ అన్నే, ఎక్కువ వద్దు. నాది ఎడమ కాలు మొండిది, పది దాటితే వణుకుతుంది. నీది ఏదో చేసి చూసి రాయి. ఆంటీకి నమస్కారాలు చెప్పు. మాగాయ పంపిస్తానంది, గుర్తుచెయ్యి.

నీ
రవి