మోటారు మారితే చాలదు, పని వరస మారాలి

సంపాదకులకు నమస్కారం.

కృత్రిమ మేధతో ఆర్థిక వృద్ధి రెండు మూడేళ్లలో ఎగబాకుతుందని కొందరు, లెక్కల్లో ఏమీ కనబడడం లేదు కాబట్టి ఇదంతా ఉత్త హడావుడని ఇంకొందరు వాదిస్తున్నారు. కరెంటు వచ్చినప్పుడు ఏం జరిగిందో ఇద్దరూ ఒకసారి చూడాలి.

ఎడిసన్ న్యూయార్క్‌లో పెర్ల్ స్ట్రీట్ విద్యుత్ కేంద్రాన్ని 1882లో ప్రారంభించారు. అమెరికా ఫ్యాక్టరీల ఉత్పాదకత ఆ కరెంటు వల్ల గట్టిగా పెరిగింది మాత్రం 1920లలో. ఆవిరి యంత్రం రోజుల్లో కప్పు కింద పొడవాటి ఇనుప షాఫ్టు తిరిగేది. దాని నుంచి దిగిన తోలు బెల్టులు ఒక్కో యంత్రాన్నీ తిప్పేవి. ఒక్క యంత్రంతోనే పనున్నా షాఫ్టంతా తిరగాల్సిందే. షాఫ్టు చెడితే ఆ వరసంతా ఆగాల్సిందే. షాఫ్టు పొడవు పెరిగేకొద్దీ రాపిడిలో శక్తి వృథా అవుతుంది గనక, అంతస్తుల మీద అంతస్తులు కట్టి యంత్రాలను ఇరికించేవారు.

కరెంటు వచ్చాక చాలామంది యజమానులు ఆవిరి యంత్రం తీసేసి, అదే చోట ఒక పెద్ద మోటారు బిగించారు. షాఫ్టు, బెల్టులు అలాగే ఉన్నాయి. ఇంధనం ఖర్చు కొంత తగ్గిందంతే. యంత్రానికో చిన్న మోటారు పెట్టాకే కథ మారింది. సరుకు నడిచే క్రమంలో యంత్రాలను పేర్చగలిగారు, ఒకే అంతస్తు షెడ్లు కట్టారు, కప్పు కింద ఖాళీ దొరికింది గనక క్రేన్లు నడిచాయి. ఇంకా పనికొస్తున్న పాత భవనాన్ని వదులుకోవడానికి ఎవరికి మాత్రం మనసొప్పుతుంది? ఆలస్యానికి అదే పెద్ద కారణం. ఆర్థికవేత్త పాల్ డేవిడ్ కంప్యూటర్ల విషయంలో 1990లోనే ఈ పోలిక తెచ్చారు.

ఇప్పుడూ పాత షాఫ్టుకే కొత్త మోటారు బిగిస్తున్నారని నా భయం. ఒక పనికి 10 గంటలు పడుతుందనుకుందాం. అందులో రాతపని 2 గంటలు, తనిఖీ, సవరణ, ఆమోదం 8 గంటలు. కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్ ఆ 2 గంటలను సున్నా చేసినా ఉత్పత్తి 1.25 రెట్లు మించదు. రాసినదాంట్లో తప్పులు దొర్లి తనిఖీ 10 గంటలకు పెరిగితే ఆ కాస్త లాభమూ పోయినట్టే.

అందుకే ఏ సంస్థ అయినా ఇలాంటి సాఫ్ట్‌వేర్ కొనడానికి ముందు ఒక్క ఫైలును మొదటి నుంచి చివరిదాకా వెంబడించాలి. ప్రతి బల్ల దగ్గరా రెండు అంకెలు రాసుకోవాలి: ఎంతసేపు పని జరిగింది, ఎంతసేపు ఊరికే పడి ఉంది. పడి ఉన్న సమయమే ఎక్కువైతే (చాలా చోట్ల అదే ఎక్కువ) ముందు ఆమోదాల మెట్లు తగ్గించాలి. యంత్రం సంగతి ఆ తర్వాత చూడొచ్చు.

పని వరస మారి వృద్ధి ఏటా ఒక్క శాతం పెరిగినా అది చిన్న విషయం కాదు. ఏటా 2 శాతం పెరిగే ఆదాయం రెట్టింపు కావడానికి 35 ఏళ్లు పడుతుంది. 3 శాతమైతే 24 ఏళ్లలోపే అవుతుంది.

పెట్టుబడుల వార్తలు వేసేటప్పుడు ఎన్ని కోట్లు పెట్టారన్నదే కాకుండా, పని పూర్తవడానికి ముందు ఎన్ని రోజులు పట్టేది, ఇప్పుడు ఎన్ని పడుతోంది అని కూడా అడిగి ప్రచురించమని మీ పత్రికను కోరుతున్నాను.

- ఒక పాఠకుడు