అమ్మలూ, ఆ ఫియట్ నంబరు నీ కళ్ళతో చూశావా?

అమ్మలూ,

ఫోను చేస్తే మీటింగులో ఉన్నానంటావు, మెసేజ్ పెడితే నీలం టిక్కులు పడి ఊరుకుంటాయి, అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. కంగారు పడకు, ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ నాన్నకి షుగరు కాస్త తగ్గింది, అదీ నేను పంచదార డబ్బా దాచాక. చిట్టి పిన్ని మోకాలికి బెల్టు కట్టుకుని తిరుగుతోంది, ఆపరేషన్ మాటెత్తితే మీద పడుతుంది. ఈసారి మాగాయ ముక్క బాగా ఎండింది, నీకో సీసా తీసిపెట్టాను, ఎవరైనా బెంగళూరు వస్తుంటే చెప్పు.

అన్నట్టు నువ్వేదో పాత కారు కొంటున్నావని శేషు అన్నాడు. నేను అడగలేదు, వాడే చెప్పాడు. అడ్వాన్స్ కూడా ఇచ్చేశావట. అల్లుడుగారికి ఫోను చేస్తే నవ్వేసి "మీ అమ్మాయినే అడగండి అత్తయ్యా" అన్నారు, అంటే నిజమేనన్నమాట.

వద్దనడానికి రాయట్లేదు. తాతయ్య ఫియట్ అమ్మేసిన రోజు నువ్వు అన్నం తినకుండా పడుకున్నావు, నాకు గుర్తుంది. నీ సంపాదన, నీ సరదా, కొనుక్కో. ఒక్కటే అడుగుతున్నాను, చాసిస్ నంబరు (కంపెనీవాళ్ళు బండి చట్రం మీద కొట్టే నంబరు) చూశావా? బ్రోకరు పంపిన ఫొటోలో కాదు, సీ-బుక్కులో కాదు, బండి మీద, ఇనుము మీద.

శేషు ఫొటో చూపించాడు. ముద్దుగానే ఉంది, ఆ లేత నీలం రంగు. 1971 మోడల్ అన్నాడు. మరి వెనకాల డిక్కీ మీద 'పద్మిని' అని ఉందేం? కుర్లాలో ప్రీమియర్ వాళ్ళు ఆ బండిని ముందు ఫియట్ 1100 డిలైట్ పేరుతో అమ్మారు, పద్మిని అన్న పేరు 1974లో గాని రాలేదు. తర్వాతెవరో సరదాకి ఆ పేరు తగిలించి ఉండొచ్చు, డిక్కీ డోరే మార్చి ఉండొచ్చు, లేదా కాగితం ఒక బండిదీ బండి ఇంకోటీ అయ్యుండొచ్చు. మొదటి రెండూ అయితే నాకు బెంగ లేదు.

ఇంకోటి, బ్రోకరు నీకు పంపిన నంబరు ఎంత పొడుగుంది? ఇప్పటి బండ్లకి పదిహేడు అక్షరాలుంటాయి, అందులో ఐ, ఓ, క్యూ వాడరు, ఒకటితోనూ సున్నాతోనూ కలిసిపోతాయని. అమెరికాలోనే అది 1981 మోడళ్ళ నుంచి తప్పనిసరైంది, మన దగ్గరికి ఇంకా ఆలస్యంగా వచ్చింది. 1971 ఫియట్‌కి కంపెనీ వేసిన చిన్న వరస నంబరే ఉండాలి. ఎవరైనా పదిహేడు అక్షరాలు చూపిస్తే మారు మాట్లాడకుండా చెప్పులేసుకుని వచ్చెయ్.

నువ్వు విటమిన్ డి టెస్టు చేయించుకున్నావా? పొద్దున్నే ఓ పది నిమిషాలు బాల్కనీలో నిలబడమన్నాను, నిలబడుతున్నావో లేదో. ఆఫీసు ఏసీలో కూర్చుని ఇంటికొచ్చి మళ్ళీ ల్యాప్‌టాప్ తెరిస్తే ఎముకలకి ఏం బలం ఉంటుంది?

మాస్టారి అంబాసిడర్ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు కదూ. నువ్వప్పుడు యూకేజీ. రిటైరైతే వచ్చిన డబ్బుతో కొన్నారాయన, కూతురి పెళ్ళివారు వచ్చేసరికి గుమ్మంలో కారుండాలని వాళ్ళావిడ పట్టు. ఆయనేమో నడిచి బడికెళ్ళిన మనిషి, క్లచ్చేదో బ్రేకేదో కూడా తెలీదు. ట్రాన్స్‌ఫర్ కోసం ఆర్టీవో ఆఫీసులో నా కౌంటర్‌కే తెచ్చారు కాగితాలు. ఫారం 29, ఫారం 30 గుండ్రటి చేత్తో నింపి, ఒక్క కొట్టివేత లేకుండా. సీ-బుక్కు ఉంది, టాక్సు కట్టి ఉంది, ఇన్సూరెన్సు ఉంది, కాగితాల్లో వంక పెట్టడానికి ఏమీ లేదు. అప్పుడున్న బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కాగితాలు చంకలో పెట్టుకుని బండి దగ్గరికెళ్ళి, బానెట్ ఎత్తించి, నంబరు మీద వేలితో తడిమారు. చుట్టూ ఏళ్ళనాటి గ్రీజు, ఆ జానెడు మేరే కొత్త పెయింటు. కాగితం తెప్పించి పెన్సిల్ ప్రింటు తీశారు. ఒక మూడు, ఒక ఎనిమిది మిగతా అంకెల కన్నా లోతుగా, కాస్త లావుగా పడ్డాయి. ఆయన ఏమీ అనలేదు, మాస్టార్ని లోపలికి పిలిచి కుర్చీ వేయించి మంచినీళ్ళు ఇప్పించారు, అప్పుడే నాకు అర్థమైపోయింది.

తర్వాత పోలీసులు, ఫోరెన్సిక్ ల్యాబు. నంబరు అరగదీసినా పూర్తిగా పోదట అమ్మలూ. పంచ్ కొట్టినప్పుడు ఆ దెబ్బకి అడుగున ఇనుము కూడా నలుగుతుంది, పైన అరగదీసి నున్నగా చేసినా ఆసిడ్ కలిపిన మందు పూస్తే నలిగిన చోట ఒకలా, మిగతా చోట ఒకలా కరిగి పాత అంకెలు తేలతాయి. అలా తేలిన నంబరు వేరే రాష్ట్రంలో దొంగతనం అయిన బండిది. విచిత్రం ఏంటంటే సీ-బుక్కు మాత్రం నికార్సయినదే! లారీ గుద్ది నుజ్జయిపోయిన ఇంకో అంబాసిడర్‌ది. తుక్కు దుకాణంలో వాళ్ళు కొనేది బండిని కాదు, దాని కాగితాన్ని. ఆ నంబరు తెచ్చి దొంగబండి మీద కొడతారు. మాస్టారు వాయిదాలకి తిరిగారు, బ్రోకరు ఊరు మార్చేశాడు, బండి స్టేషన్ ఆవరణలో తుప్పు పట్టింది. ఆవిడ నాతో చాన్నాళ్ళు మాట్లాడలేదు, నేనేదో అడ్డుపడ్డట్టు. పెళ్ళిలో కూడా నా విస్తరి దగ్గర ఆగకుండా దాటిపోయింది. ఆ పెళ్ళిలో గుత్తివంకాయ మాత్రం ఎంత బాగా చేశారో.

సరే, ఎక్కడికో పోయాను. పాత ఫియట్లు బాగుచేసే మెకానిక్ ఒకరిని వెంటబెట్టుకుని వెళ్ళు, ఆ మోడల్‌కి నంబరు ఎక్కడ కొట్టి ఉంటుందో వాళ్ళకి తెలుస్తుంది. టార్చి పట్టుకెళ్ళు. కిరసనాయిలు గుడ్డతో మట్టి తుడువు గాని ఎమరీ పేపరు పెట్టకు. పల్చటి కాగితం పరిచి పెన్సిలు పక్కకి వాల్చి రుద్దితే అంకెలు తెల్లగా తేలతాయి. అప్పట్లో కంపెనీలో కొట్టినవి కూడా కొంచెం వంకరగా పడొచ్చు, దానికి భయపడకు. ఒక్క అంకె రాతే వేరుగా ఉన్నా, చుట్టూ వెల్డింగు గీత కనపడ్డా, ప్లేటు పాతదై రివెట్లు కొత్తగా మెరుస్తున్నా, అక్కడ ఆగు. ఇంజన్ నంబరు కూడా అలాగే. ఆ ఫియట్లకీ అంబాసిడర్లకీ చాలామంది డీజిల్ ఇంజన్లు పెట్టించేశారు, పెట్టించి సీ-బుక్కులో ఎక్కించలేదు.

తమిళనాడు బండి అంటున్నాడు శేషు. అయితే అది మొదట రిజిస్టరైన ఆఫీసు నుంచి బి-రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్ తీయించు, పాత చేతిరాత రిజిస్టర్లో ఏముందో అందులో వస్తుంది. రవాణాశాఖ వెబ్‌సైటు పరివాహన్‌లో బండి వివరాలు కనపడకపోతే ఆ ఆఫీసు వాళ్ళే బ్యాక్‌లాగ్ ఎంట్రీ చెయ్యాలి, అంటే పాత వివరాలు కంప్యూటర్లో ఎక్కించాలి, ఆ తర్వాతే ఫారం 28 మీద వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదనే ఎన్‌ఓసీ. సీ-బుక్కులో పేరున్న ఆయన బతికున్నారా, పోయారా? పోయుంటే ఫారం 31తో ముందు వారసుల పేరు మీదికి మారాలి, బ్రోకరు సంతకాలు తెస్తానంటే ఒప్పుకోకు. దొంగబండ్ల జాబితా చూడ్డానికి కేంద్రం నేర రికార్డుల బ్యూరో, ఎన్‌సీఆర్‌బీ వాళ్ళ వాహన్ సమన్వయ్ అనే వెబ్‌సైటు ఉంది, చాసిస్, ఇంజన్ నంబర్లు రెండూ కొట్టి చూడు. కానీ అందులో లేదని రాగానే నిశ్చింతగా ఉండకు. మాస్టారి బండి నంబరు కొట్టినా ఏమీ దొరికేది కాదు, అది తుక్కుబండి నంబరు కదా. అందుకే ఇనుము చూడమని ఇంతసేపూ మొత్తుకునేది.

ఒకవేళ ఇనుము మీద 5 ఉండి కాగితంలో 6 ఉందనుకో, ఎక్కించేటప్పుడు గుమస్తా పొరపాటు పడ్డం మామూలే, పాత రిజిస్టరు చూసి కాగితంలో దిద్దిస్తారు. "ఎందుకు మేడం అంత తిరగడం, ఒక్క పంచ్ కొట్టిస్తే సరిపోతుంది" అనే మనిషి దొరుకుతాడు, తప్పకుండా దొరుకుతాడు. అది నేరం. ఆ మాట అన్నవాడి దగ్గర టీ కూడా తాగకు.

వింటేజ్ కింద రిజిస్టర్ చేయిస్తావని కూడా విన్నాను. 2021లో వచ్చిన రూల్స్ అవి. మొదటి రిజిస్ట్రేషన్‌కి యాభై ఏళ్ళు దాటాలి, చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు, ఒక కమిటీ బండిని చూసి ఒప్పుకోవాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు ₹20,000, పదేళ్ళు పనిచేస్తుంది, ఆ తర్వాత రెన్యువల్‌కి ₹5,000. ముందే రిజిస్టరైన బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు. అయితే ర్యాలీకో, ప్రదర్శనకో, పెట్రోలుకో, రిపేరుకో తప్ప రోజూ రోడ్డెక్కించకూడదు. నువ్వేమో దాన్లో ఆఫీసుకి వెళ్ళాలని కలలు కంటున్నావట (ఇది కూడా శేషు చెప్పిందే). రోజూ తిప్పాలంటే మామూలు ఆర్సీయే రెన్యువల్ చేయించుకోవాలి, ఐదేళ్ళకోసారి. ఏది కావాలో డబ్బు కట్టకముందే తేల్చుకో.

కొన్నాక టింకరింగ్‌కి ఇస్తే ఆ నంబరు మీద లప్పం పెట్టొద్దని నువ్వే నిలబడి చెప్పు. బాడీ అంతా నున్నగా రావాలని లప్పం మెత్తేసి పైన రంగు కొట్టేస్తారు, తర్వాత ఆర్టీవో ఆఫీసుకి తీసుకెళ్తే చదవడానికి ఏమీ కనపడదు. మొదలుపెట్టే ముందు ఆ చోట టేపు అంటించమను.

వెళ్ళేటప్పుడు అల్లుడుగారిని తీసుకెళ్ళు. నువ్వు బండి చూసి మురిసిపోతావు, ఆయనైనా నంబరు చదువుతారు. ఒకరు బండి మీద అంకె అంకె పైకి చదవాలి, ఇంకొకరు సీ-బుక్కులో వేలు పెట్టి చూసుకోవాలి. ఇంజన్ ఆపించాకే లోపలికి వంగు, జుట్టు ముడేసుకో, ఆ పొడుగు చున్నీ వద్దు. టిఫిను చేసి బయల్దేరు. ప్రింటు తీసిన కాగితం, సీ-బుక్కు రెండు వైపులా ఫొటోలు నాకు పంపు, మీ నాన్న ఫోనుకి కాదు, ఆయన తెరిచి చూడరు. నేను చూసేదాకా మిగతా డబ్బు ఇవ్వకు. రాత్రి పదిలోపైతే ఫోను ఎత్తుతాను, పది దాటినా ఎత్తుతాను.

అమ్మ