జపాన్ టూర్ బడ్జెట్ చూశాక నీకు రాస్తున్న ఉత్తరం

గుంటూరు

చిట్టితల్లీ,

ఒహాయోలో మీ కాలేజీ పిల్లల కోసం వేసి నువ్వు పంపిన జపాన్ టూర్ ప్లాను, బడ్జెట్ షీటు రెండూ చదివాను. మీ నాన్నగారు ఊళ్ల పేర్లు చూసి మురిసిపోయారు. నేను నేరుగా అంకెల దగ్గరికి వెళ్లాను. యూనివర్సిటీ ఫైనాన్స్ సెక్షన్‌లో అన్నేళ్లు పనిచేసిన దాన్ని, ఇంకోలా చదవడం నాకు రాదు.

ప్లాను బాగుంది. పన్నెండు రోజులు, పదిహేను మంది డిగ్రీ పిల్లలు, నువ్వూ ఇంకో మాస్టారూ. మనిషికి 4,200 డాలర్లు. కానీ ఆ షీటు చూడగానే ఎవరు వెళ్తారో నాకు అర్థమైపోయింది. ఇంట్లో అడిగితే అంత డబ్బు పుట్టే పిల్లలే వెళ్తారు. మీ కాలేజీలో సగం మంది తమ ఇళ్లలో మొదటిసారి డిగ్రీ చదువుతున్నవాళ్లని నువ్వే కదా చెప్పావు. వాళ్లు ఈ షీటులో ఎక్కడా కనబడలేదు. "స్కాలర్‌షిప్‌లకు ప్రయత్నిస్తాం" అని చివర్లో ఒక లైను రాశావు. ఆ లైను పైకి రావాలి, మిగతా లెక్కంతా దాన్ని పట్టుకుని నడవాలి.

ముందు రోజుల సంగతి. గిల్మన్ స్కాలర్‌షిప్ నీకు తెలిసిందే. పెల్ గ్రాంట్, అంటే డబ్బు లేని ఇళ్ల పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే చదువు సాయం, తీసుకునే అమెరికన్ డిగ్రీ విద్యార్థులు విదేశాల్లో చదవడం కోసం, 2000లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టంతో వచ్చింది. మనిషికి 5,000 డాలర్ల దాకా ఇస్తారు. అక్కడికి వెళ్లి జపనీస్ నేర్చుకునే పిల్లలకైతే ఇంకో 3,000 దాకా అడిగే వీలుంది. అయితే కార్యక్రమం కనీసం 21 రోజులు ఉండాలి. నీది పన్నెండు. అంటే డబ్బు లేని పిల్లల కోసమే పెట్టిన తలుపును నీ క్యాలెండరే మూసేస్తోంది. ఇరవై ఒక్క రోజులు వేసుకో తల్లీ. పెరిగేది తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజుల ఖర్చు ఎక్కడ తగ్గించుకోవచ్చో కింద రాస్తాను.

రెండోది, మీ ఇద్దరి ఖర్చు. మీ టికెట్లు, బస, జీతం కలిపి 9,000 వేసి పిల్లల మీద పంచావు. పదిహేను మంది వస్తే తలకి 600. పది మందే వస్తే 900. ఆ ఐదుగురు డబ్బు లేకే ఆగిపోతారు. వాళ్లు ఆగినందుకు మిగిలినవాళ్ల మీద ఇంకో మూడొందలు పడుతుంది, అది చూసి మరొకరు వెనక్కి తగ్గుతారు. చాలా కాలేజీల్లో ఇలాంటి టూర్లు చివరి నెలలో రద్దయ్యేది ఇలాగే. మీ డీన్‌ని అడగాల్సిన మొదటి సాయం ఇదే: టీచర్ల ఖర్చు కాలేజీ భరించాలి. "పిల్లలకి ఏమైనా ఇవ్వండి" అని అడిగితే కమిటీకి పంపుతారు. "ఈ 9,000 మీ పద్దులోకి తీసుకోండి" అంటే అవుననో కాదనో తేల్చాల్సి వస్తుంది. ఆఫీసుల్లో ఖచ్చితమైన అంకెకున్న బలం నీకు ఇంకా తెలిసినట్టు లేదు.

మూడోది, క్రెడిట్లు. దీన్ని ఉత్త యాత్రగా పెడితే ఫెడరల్ ఎయిడ్, అంటే అమెరికా ప్రభుత్వం చదువుకిచ్చే సాయం, ఒక్క డాలరూ రాదు. స్ప్రింగ్ కోర్సులో భాగంగా పెట్టు. మూడు నెలలు క్లాసులో చదివి, మేలో ప్రయాణం. అప్పుడు ఆ పిల్లలకు వచ్చే ఎయిడ్ ఈ కోర్సుకీ వర్తించే దారి ఉంటుంది. ఎయిడ్ ఆఫీసులో కూర్చుని ముందే మాట్లాడుకో. టెన్షన్ అంతా అక్కడే తీరిపోతుంది.

షీటులో అసలు కనబడని ఖర్చులు కొన్ని ఉన్నాయి. మొదటిసారి పాస్‌పోర్టు తీసుకునే పిల్లకి 165 డాలర్లు. వేసవంతా హోటల్లోనో షాపులోనో పనిచేసి ఫీజు కట్టుకునే పిల్లకి మూడు వారాల జీతం పోతుంది. టూర్ ఉచితమైనా ఆ పిల్ల రాలేదు. కాబట్టి దాతల దగ్గరికి వెళ్లినప్పుడు ఈ రెంటికీ అడుగు. నువ్వు కిమోనో ఫోటో సెషన్‌కీ, వీడ్కోలు విందుకీ వేసిన 1,800 అటు మళ్లించు. కోపం తెచ్చుకోకు, ఆ విందు నాకు మొదటి నుంచీ నచ్చలేదు.

డిపాజిట్ తేదీ కూడా మార్చాలి. గిల్మన్ దరఖాస్తు గడువు అక్టోబరులో ఒకసారి, మార్చిలో ఒకసారి వస్తుంది. మేలో ప్రయాణమంటే అక్టోబరులోనే పెట్టించాలి. ఫలితం రాకముందే డబ్బంతా కట్టమంటే, నమ్మకం లేని పిల్ల ముందే పేరు తీయించేసుకుంటుంది. స్కాలర్‌షిప్‌కి పెట్టుకున్నవాళ్ల దగ్గర తర్వాత వసూలు చేసేలా, అప్పటిదాకా డిపార్ట్‌మెంటు తన నిధిలోంచి కట్టాలి.

ఇక తొమ్మిది రోజుల ఖర్చు. టోక్యో, క్యోటో, హిరోషిమా, ఒసాకా, కానజావా అని పరుగులు పెట్టించావు. బస అయిదు ఊళ్లలో కాక రెండింటిలోనే పెట్టు. రైల్ పాస్ మనిషికి 50,000 యెన్లని రాశావు. 2023 అక్టోబరులో ఆ ఏడు రోజుల పాస్ ధర 29,650 నుంచి ఒక్కసారిగా అంతకి పెంచారు. టోక్యో నుంచి క్యోటోకి బుల్లెట్ రైలు టికెట్టు సుమారు 14,000. రానూపోనూ కొనుక్కున్నా పాస్ కంటే చాలా తక్కువ. ధర పెరగకముందు పాస్ లాభమని చెప్పే పాత సలహా ఎక్కడో చూసి రాసినట్టున్నావు.

నారాలో రెండు వారాలు ఉంచు. క్యోటోకి గంటలోపే రైలు, బసకి అంత గిరాకీ ఉండదు. వీలైతే అక్కడి ఒక విశ్వవిద్యాలయంతో ఒప్పందం చేసుకో. పిల్లలకు హాస్టలు దొరుకుతుంది, తోటి విద్యార్థులు దొరుకుతారు. జాస్సో అని జపాన్ ప్రభుత్వ విద్యార్థి సేవా సంస్థ ఉంది. ఒప్పందం కింద తక్కువ కాలానికి వచ్చే విద్యార్థులకు నెలకు 80,000 యెన్ల స్కాలర్‌షిప్ ఇస్తుంది. దానికి దరఖాస్తు పెట్టాల్సింది ఆతిథ్యమిచ్చే జపాన్ విశ్వవిద్యాలయం. మొదటి ఏడాది కుదరకపోవచ్చు. రెండో ఏడాదికైనా పనికొస్తుంది, ఇప్పుడే ఉత్తరం రాయి.

నారా అన్నది ఖర్చు కోసమే కాదు. అక్కడి తోదాయ్‌జీ ఆలయంలో మహాబుద్ధుడి విగ్రహానికి 752లో కళ్లు తెరిపించే క్రతువు చేసింది మన దేశం నుంచి వెళ్లిన బోధిసేనుడు. చిన్నప్పుడు నిన్ను పడవలో నాగార్జునకొండ తీసుకెళ్లాం, నీకు నీళ్లు తప్ప ఏమీ గుర్తుండి ఉండదు. ఆ ఆచార్య నాగార్జునుడిని వాళ్లు ర్యూజు అంటారు. క్యోటోలో నిషి హోంగాన్‌జీ ఆలయం ఉంది చూడు, దానిది జోడో షిన్‌షూ అనే బౌద్ధ శాఖ, ఆ సంప్రదాయం తమ ఏడుగురు ఆచార్యుల్లో మొదటివాడిగా ఆయన్నే చెప్పుకుంటుంది. ఒహాయో పిల్లలకి ఈ కథ పల్నాటి నుంచి మొదలుపెట్టి చెప్పగల టీచరు మీ కాలేజీలో నువ్వొక్కదానివే. ప్రపోజల్‌లో అది రాసుకోవడానికి మొహమాటం దేనికి?

బున్రాకు బొమ్మలాట నీ ప్లానులో లేదు, అది మాత్రం చేర్చు. ఒక్కో ముఖ్యమైన బొమ్మను ముగ్గురు ఆడిస్తారు. ఒకరు తల, కుడిచెయ్యి, ఒకరు ఎడమచెయ్యి, మరొకరు కాళ్లు. కాళ్ల దగ్గరే ఏళ్ల తరబడి నేర్చుకుంటారు. ఒసాకాలో 1984 నుంచి వాళ్ల జాతీయ థియేటర్ ఉంది. జూన్‌లో కొత్తవాళ్ల కోసం వివరణతో ప్రదర్శనలు వేయడం అక్కడ అలవాటు. గోల్డెన్ వీక్ అనే వాళ్ల వరుస సెలవుల రద్దీ మే మొదట్లోనే అయిపోతుంది కాబట్టి, మే మూడోవారంలో బయల్దేరి జూన్‌లో తిరిగొస్తే టికెట్లూ సులువు, బొమ్మలాటా దక్కుతుంది. వానలు మొదలవుతాయి, గొడుగులు పట్టుకెళ్లండి.

దాతల విషయం. మీ రాష్ట్రంలో మేరీస్‌విల్‌లో హోండా 1982 నుంచి కార్లు తయారు చేస్తోంది. దాని చుట్టూ విడిభాగాలు చేసే జపాన్ కంపెనీలు బోలెడు. పెద్ద ఫౌండేషన్లకు రాసే ముందు ఆ చిన్న కంపెనీలను అడుగు. ఒక్కొక్కరిని ఒక్క పిల్ల టికెట్టు ఇమ్మను, చాలు. వాళ్లు ఫ్యాక్టరీ చూపిస్తామంటే ఒక పూట చూపించనీ. అంతకు మించి సిలబస్‌లో వేలు పెట్టనివ్వకు. హిరోషిమా మ్యూజియంలో ఎంతసేపు ఉండాలి, అక్కడ ఏం మాట్లాడుకోవాలి అన్నది నీ నిర్ణయం. అది ముందే కాగితం మీద పెట్టుకో. బ్రిడ్జింగ్ స్కాలర్‌షిప్ కూడా జాబితాలో రాశావు, అది సెమిస్టరో ఏడాదో ఉండేవాళ్లకి. కొట్టెయ్యి.

మన పిల్లల సంగతి ఒకటి మర్చిపోయావు. నీ క్లాసులో హైదరాబాద్, విజయవాడ నుంచి వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారన్నావు. వాళ్లకి గిల్మన్ రాదు, అది అమెరికా పౌరులకే. అమెరికన్ పిల్లలు వీసా లేకుండా దిగిపోతారు, వీళ్లు జపాన్ వీసా తీసుకోవాలి. తిరిగి అమెరికాలో అడుగుపెట్టడానికి పాస్‌పోర్టులో ఎఫ్-1 విద్యార్థి వీసా స్టాంపింగ్‌కి ఇంకా గడువు ఉండాలి, కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ప్రయాణ సంతకం ఉండాలి. స్టాంపింగ్ గడువు తీరిపోయిన పిల్లాడు టూర్‌కి వెళ్లి బయటే ఇరుక్కుంటే ఆ తల్లి ఫోన్ చేసేది నీకే. దరఖాస్తు ఫారంలో మొదటి పేజీలోనే ఈ ప్రశ్న పెట్టు. కాలేజీ నిధిలో వీళ్లకంటూ ఒక సీటుకు డబ్బు పక్కన పెట్టగలవేమో చూడు.

కొత్త షీటు చేశాక పంపు. ఈసారి ఒక కాలమ్ ఎక్కువ పెట్టు: ప్రతి ఖర్చు పక్కనా, అది ఎవరు కడుతున్నారు అని. ఆదివారం ఫోన్ చేసినప్పుడు లైను లైనుగా చూద్దాం. నాన్నగారిని పక్కన కూర్చోనివ్వను, ఆయన మళ్లీ హోటళ్లు వెతకడం మొదలుపెడతారు.

ఆశీస్సులతో,
అమ్మ